సాయంత్రం ఏడు గంటల తెలుపు

మా ఆడపడుచు జెలీ ఏ పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి ముఖం చూడదు, పావడా అంచు చూస్తుంది. చర్చిలో ఫాదరుగారు నరకంలో మంటల గురించి చెబుతుంటే మాకందరికీ ముచ్చెమటలు పోసేవి. ఈవిడ మాత్రం ఆయన తెల్లంగీ చేతుల దగ్గర పసుపు తిరిగిందని నా డొక్కలో మోచేత్తో పొడిచేది. వాళ్లాయన చేపలకని వెళ్లి సముద్రంలోనే ఉండిపోయినప్పుడు, చర్చిలో ఖాళీ శవపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని కుళ్లికుళ్లి ఏడుస్తూ ఉన్నట్టుండి ఆగి, "ఓర్తాన్సూ, ఆ పీఠం మీద గుడ్డ ఎవరు ఉతికారే? మా ఆయన పెట్టెని దాని ముందు పెట్టడం నాకిష్టం లేదు," అంది. నాకు ఏడుపు ఆపుకోవాలో నవ్వు ఆపుకోవాలో తెలియలేదు. రెండూ కలిసి పెద్ద తుమ్మై బయటికొచ్చాయి. జనం నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

నేను ఆవిడ తమ్ముడు సెవరెన్‌ని చేసుకుని సముద్రపొడ్డున ఉన్న ఎత్రెతా ఊరికి వచ్చినప్పటి నుంచి ఆవిడ పక్కనే బట్టలు ఉతికాను. నేను చెప్పబోయేది పద్దెనిమిది వందల ఎనభై అయిదు ఆగస్టు నాటి మాట. అప్పటికి వదినకి యాభై నాలుగేళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తీరం ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివర పడవల వాళ్లు తమనే తిడుతోందనుకుని టోపీలు తీసేవాళ్లు.

మా ఊరి ఏరు నేల కిందే పారుతుంది. సముద్రం వెనక్కి తగ్గాక గులకరాళ్ల మధ్య మంచినీళ్ల ఊటలు బయటపడతాయి. ఆడవాళ్లం రాళ్లు తోడి గుంటలు చేసుకుని, గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో మోకాళ్ల మీద కూర్చుని బాదుతాం. గడువు సముద్రానిది. ఆరు గంటలిస్తుంది, ఆపైన ఎంత బతిమాలినా వినదు. ఉతికినవి పై రాళ్ల మీద పరుస్తాం. నాలుగింటికల్లా మడతలు పడిపోవాలి, ఎండ వాలితే బట్ట చెమ్మ పీలుస్తుంది. మా అమ్మమ్మల కాలం నుంచీ ఇదే పద్ధతి. నాలుగు దాటాక తీరం మీద దుప్పటి కనిపించిందంటే దాని మనిషికి ఒంట్లో బాగాలేదని అర్థం.

ఇక నీలిమందు సంగతి చెప్పాలి. ఆఖరి జాడింపు నీళ్లలో నీలిమందు మూటని ముంచి తీస్తాం. అది ఒక్క పిసరు తక్కువైతే బట్టలో పసుపు బయటపడుతుంది, ఒక్క పిసరు ఎక్కువైతే నీలం బయటపడుతుంది. నీలం బయటపడటం మా వాళ్లలో పెద్ద అప్రదిష్ట. ఉతకడం చేతకాక నీలిమందు పెట్టి దాచింది అంటారు. వదిన ఆ మూటని దారంతో పట్టుకుని నీళ్లలో ఎన్నిసార్లు ముంచాలో మబ్బుని చూసి, నీళ్లని చూసి, బట్ట వయసు చూసి లెక్కకట్టేది. ఆ సమయంలో ఎవరైనా దగ్గినా ఊరుకునేది కాదు. లంగరు హోటలు దుప్పట్లన్నీ పద్దెనిమిదేళ్లుగా ఆవిడ చేతికే వచ్చేవి. మూలన ఎర్రదారంతో లంగరు గుర్తు కుట్టిన దుప్పటి కనిపిస్తే అది జెలీ ఉతికిందని ఊరంతటికీ తెలుసు. అదే ఆవిడ తిండి, అదే ఆవిడ గొప్ప.

వేసవి వస్తే మా తీరానికి మాకరెల్ చేపలూ బొమ్మలు వేసేవాళ్లూ కలిసే వస్తారు. చేపలు కాస్త నయం, నోరెత్తవు. బొమ్మలవాళ్లు గొడుగులు పాతుకుని, పడవ కదిలితే కదిలిందని, మబ్బు పోతే పోయిందని అరుస్తారు. ఆ ఏడు వచ్చిన ఆయన పేరు బ్రివాల్. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎర్ర గడ్డం, గడ్డిటోపీ, టోపీకి కూడా రంగు మరకలు. ఈయన ఒక్క సముద్రానికి అయిదు పటాలు మోసుకొచ్చేవాడు. పొద్దుటి సముద్రం ఒకటి, మిట్టమధ్యాహ్నం సముద్రం ఒకటి, అలా సాయంత్రం ఏడు గంటల సముద్రం దాకా. గడియారం చూసుకోవడం, ఒకటి దించడం, ఇంకోటి ఎక్కించడం.

"పాపం, మతిమరుపు మనిషి. ఏ సముద్రం వేస్తున్నాడో మరిచిపోతాడని అన్నీ దగ్గర పెట్టుకున్నాడు," అన్నాడు మా సెవరెన్.

ఒక రోజు నాలుగింటికి మేం దుప్పట్లు ఎత్తుతుంటే ఆయన రాళ్ల మీద తూలుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! వాటిని తీయకండి! ఏడింటి దాకా ఉంచండి, మీకు పుణ్యముంటుంది!"

"ఏడింటికా?" అంది వదిన. "ఏడింటికి వీటి మీద పీతలు పడుకుంటాయి అయ్యగారూ."

"పోనీ ఓ ఆరు దుప్పట్లు ఉంచండి. పోటు రాగానే నేనే చుట్టి మీ ఇంటికి తెస్తాను. ఈ తీరం మొత్తం మీద కళ్లు నిలిచే చోటు మీ దుప్పట్లేనమ్మా."

అంతే, మా వదిన పడిపోయింది. పారిస్ నుంచి వచ్చిన మనిషి, ఇంత సముద్రాన్నీ ఇంత కొండనీ వదిలేసి తన దుప్పట్లు బాగున్నాయన్నాడు! మర్నాటి నుంచి ఆ ఆరింటినీ ఏరి ఏరి కొత్తవే పరిచేది. లంగరు గుర్తు పైకి కనపడేలా అంచు సర్దేది. "పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టుంది," అని నేనంటే నా మీద సబ్బు నీళ్లు చల్లింది. అలా వాటిని ఆయనకి అప్పగించి మేం ఇంటికి పోయేవాళ్లం. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడకాలిగా. చీకటి పడే ముందు ఆయన దుప్పట్లని ఉండచుట్టి తెచ్చి మా గుమ్మంలో పెట్టేవాడు. ఆ చుట్టిన తీరు చూసి వదిన తల పట్టుకునేది గాని, మర్నాడు మళ్లీ పరిచేది.

నెలాఖరు ఆదివారం లంగరు హోటలు భోజనాల గదిలో బొమ్మలు పెట్టారు. హోటలు యజమానురాలు పొమెల్ అమ్మగారికి ఏటా అదో సరదా. బొమ్మలు చూడటానికి వచ్చినవాళ్లు ఊరికే చూసిపోరు, కూర్చుంటారు, తింటారు. వదిన గంజి పెట్టిన కొత్త టోపీ పెట్టుకుంది. వారం ముందు నుంచే ఊరంతా చాటింపు వేసింది కాబట్టి, మేం వంటింటి వాకిట్లోంచి లోపలికి వెళ్లేసరికి తెలిసినవాళ్లంతా అక్కడే ఉన్నారు.

బొమ్మ కిటికీ పక్క గోడ మీద ఉంది. దగ్గరికి వెళితే రంగు ముద్దలు తప్ప ఏమీ లేదు, ఎవరో కత్తి తుడుచుకున్నట్టు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఉన్నట్టుండి సముద్రం కదిలింది. నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. నీళ్ల మీద గులాబీ గీతలు, వాటి మధ్య లేత ఆకుపచ్చ, దూరాన నిమ్మపండు రంగు. కొండ మొత్తం ఊదా. దాని ముందు రాళ్ల మీద మా ఆరు దుప్పట్లు. మొదటిది నీలం. రెండోది ఇంకా నీలం. మూడోది ఊదా, నాలుగోది పచ్చగా ఉందో నీలంగా ఉందో దానికే తెలియాలి. అయిదో దాని మీద అడ్డంగా నారింజ పట్టీ. ఆరోదాని మూల చిన్న ఎర్రచుక్క. అది లంగరు గుర్తు. తెలుపు అన్నది వెతికినా లేదు.

సముద్రం గులాబీ రంగులో ఉందే అని ఎవరూ అనలేదు. మన తెల్ల సున్నపుకొండ ఊదాగా ఉందే అని ఎవరికీ పట్టలేదు. దుప్పటి నీలంగా ఉన్నది మాత్రం ఊరంతటి కళ్లకీ కనిపించింది.

రువాఁ నుంచి వచ్చిన లావుపాటి వకీలు ఒకాయన మెడకి రుమాలు కట్టుకుని సూపు తాగుతున్నాడు. చెంచా ఎత్తి బొమ్మ వైపు చూపించి, "అమ్మగారూ, రాత్రి నేను పడుకున్నది ఈ నీలం దుప్పటి మీదేనా? పొద్దున్న లేచేసరికి నా వీపు ఏ రంగులో ఉందో చూసుకోలేదు," అన్నాడు. గదంతా గొల్లుమంది.

అక్కడే ఉంది ఫ్లావీ. మా వెనక వీధిలో ఉతుకుతుంది, ముప్పై రెండేళ్ల మనిషి, చురుకైంది. పొమెల్ అమ్మగారి సొంత బట్టలు, కాలర్లూ అవీ, ఫ్లావీయే చేస్తుంది. హోటలు దుప్పట్ల మీద ఎప్పటి నుంచో కన్ను. "పారిస్ కళ్లు అబద్ధం చెప్పవుగా," అంది తీయగా. "జెలీ అత్త మూట రెండోసారి కూడా ముంచి ఉంటుంది. పాపం, తప్పు పట్టడానికేముంది? వయసు మీద పడ్డాక ముందు పోయేది నీలమేనట. కంటికి ఆనదట."

బట్టలుతికే మనిషికి చేతులు పగిలినా పరవాలేదు, నడుం వంగినా పరవాలేదు. కళ్లు పోయాయంటే ఇక ఎవరూ పిల్లల గుడ్డలు కూడా ఇవ్వరు.

పొమెల్ అమ్మగారు చెడ్డ మనిషి కాదు. వంటింట్లోకి పిలిచి మెల్లగానే చెప్పింది. "జెలీ, ఏమనుకోకు. ఈ వారం నువ్వే కానివ్వు, వచ్చే సోమవారం నుంచి దుప్పట్లు ఫ్లావీకి ఇస్తాను. నాకు నీ మీద కోపం లేదు. కానీ భోజనాల దగ్గర జనం నవ్వితే నా హోటలు ఏం కావాలి చెప్పు?"

"అమ్మగారూ, అవి తెల్లటివి."

"బొమ్మలో నీలంగా ఉన్నాయి కదే."

"బొమ్మలో సముద్రం గులాబీగా ఉంది!"

"సముద్రాన్ని నేను పక్కల మీద వేయను కదా," అంది ఆవిడ.

ఆ తర్వాత మూడు రోజులు మా వదిన ఊళ్లో ఎవరి బట్టకీ వంక పెట్టలేదు. అప్పుడు వేసింది నాకు భయం. ఇంట్లో కిటికీ దగ్గర రెండు గుడ్డముక్కలు పట్టుకుని, "ఓర్తాన్సూ, ఈ రెంట్లో ఏది తెలుపే?" అని అడిగేది. నేను చెబితే, "నేనూ అదే అనుకున్నాను," అని గొణుక్కునేది. కాసేపటికి మళ్లీ అడిగేది. ఆవిడ నన్ను ఒక మాట అడగడం, నా మాట నమ్మడం, ఈ రెండూ మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. తిట్టు వదినా, నా మడతలు బాగాలేవని ఒక్కసారి తిట్టు, అనాలనిపించింది.

బుధవారం నాడు నేనే లాక్కుపోయాను ఆ బొమ్మలాయన దగ్గరికి. రాళ్ల మీద గొడుగు కింద కూర్చుని రొట్టె తింటున్నాడు. వదిన చంకలోంచి మడతపెట్టిన దుప్పటి తీసి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"అయ్యగారూ, ఇది ఏం రంగు?"

ఆయన తల పక్కకి వంచి ఒక కన్ను మూశాడు. "ఎప్పుడు?"

"ఎప్పుడేమిటి, ఇప్పుడు!"

"ఇప్పుడా... ఇటు వైపు వెన్న రంగు. మడతలో ఊదా. మీ బొటనవేలి పక్కన కాస్త గులాబీ."

"మరి తెలుపు?"

"తెలుపు అనేది లేదమ్మా."

నేను కళ్లు మూసుకున్నాను. ముప్పై ఆరేళ్లుగా మంచునీళ్లలో చేతులు ముంచుతున్న మనిషితో అనే మాటేనా అది?

"లేదా?" అంది వదిన. "మరి ఇన్నేళ్లుగా నేను ఉతుకుతున్నది ఏమిటయ్యా?"

ఆయన రొట్టె పక్కన పెట్టాడు. వేళాకోళం కాదని అప్పటికి అర్థమైనట్టుంది. "వెలుతురు వచ్చి కూర్చునే చోటు ఉతుకుతున్నారు. మురికి బట్ట మీద అది కూర్చోదు. మీ దుప్పట్ల మీద ఉన్నదంతా వాలింది, ఆకాశమూ వాలింది, నీళ్లూ వాలాయి. అందుకే వేశాను. అయినా మీరు కూడా తెలుపు కోసం నీలమే పెడతారు కదా? నేనూ అంతే."

"నేను పెట్టింది కనపడదు. మీరు పెట్టింది గది ఆ చివరి నుంచి కనపడుతోంది," అంది వదిన. "పనితనంలో తేడా అదీ."

ఆయన నవ్వాడు. పాపం, ఎర్రబడ్డాడు కూడా. "ఏడింటికి వచ్చి చూడండి. తెల్లగా ఉంటే ఆ పటం నా చేతులతో నేనే సముద్రంలో పడేస్తాను."

"నేను చూసి ఏం లాభం? ఇప్పుడు అనుమానమంతా నా కళ్ల మీదే," అంది వదిన. అలా అంటూనే ఆగింది. ఆవిడ బుర్రలో ఏదో దిగింది, నాకు తెలిసిపోయింది. "చూడాల్సినవాళ్లే చూస్తారు," అని దుప్పటి చంకలో పెట్టుకుని గిర్రున తిరిగింది.

శనివారం నాడు హోటల్లో పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు దిగుతారు. పక్కలన్నీ మార్చాలి. అరవై దుప్పట్లు ఉతికాం ఆ రోజు. వదిన వాటిని ఎప్పటిలా పై రాళ్ల మీద కాకుండా బాగా కిందికి, నీళ్ల వైపుగా పరవమంది. నాలుగింటికి నేను అలవాటుగా మొదటిది ఎత్తబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఉంచు."

"ఉంచితే పోటు వస్తుంది వదినా!"

"రానీ."

అయిదైంది, ఆరైంది. సముద్రం మెల్లగా రాళ్లు సర్దుకుంటూ పైకి వస్తోంది. వదిన దుప్పట్లకి వీపు పెట్టి, హోటలు వైపు ముఖం పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఏడు కావస్తుండగా హోటలు అరుగు మీద పొమెల్ అమ్మగారు కనిపించింది.

"జెలీ! దుప్పట్లు ఏవీ? జనం దిగారు! పక్కలు వేయాలి!"

"కిందికి రండి అమ్మగారూ!" అని వదిన కేక. పడవల దగ్గర ఇద్దరు టోపీలు తీశారు.

"వడ్డన వేళే ఇది! నేనెలా వస్తాను?"

"వచ్చి ఇవి తెలుపో నీలమో మీ నోటితో మీరు చెప్పండి, అప్పుడు ఎత్తుతాను! రాకపోతే మీ ఇష్టం, అరవై దుప్పట్లూ కొట్టుకుపోయి అవతలి ఒడ్డున ఇంగ్లండు చేరతాయి! వాళ్లు బాగా చూసుకుంటారు!"

అరుగు మీద అప్పటికే జనం పోగయ్యారు, మెడకి రుమాళ్లతోనే. రువాఁ వకీలు ఇంకా ఉన్నాడు, చేతిలో కోడికాలుతో సహా. ఫ్లావీ వీధి మలుపులోంచి దిగి వచ్చింది, ఈ వినోదం వదులుకుంటుందా. పొమెల్ అమ్మగారు నల్లగౌనూ తెల్లకాలరూ పల్చటి చెప్పులూ వేసుకుని, తాళాలగుత్తి గలగలమంటుండగా, గులకరాళ్ల మీద అడుగడుక్కీ దేవుణ్ణి పిలుస్తూ వచ్చింది. ఆవిడ వెనక వకీలు, వకీలు వెనక సగం భోజనాల గది.

"చూడండి," అంది వదిన. తను మాత్రం వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పనేముంది? తన దుప్పట్లు తెల్లగా ఉంటాయని ఆవిడకి సూర్యుడు పొడుస్తాడన్నంత నమ్మకం. "చూసి చెప్పండి, ఏం రంగు?"

పొమెల్ అమ్మగారు చూసింది. నోరు తెరిచింది. మూసింది.

"నీలం," అంది.

వంగి ఒక దుప్పటి అంచు ఎత్తి చూసింది.

"జెలీ, నీలంగానే ఉన్నాయే! అతను వేసినట్టే ఉన్నాయి! ఇదిగో ఇది ఊదా... అయ్యో, నీ కళ్లకి నిజంగానే..."

ఫ్లావీ పకపకా నవ్వింది. ఇంత తెలివైన ఏర్పాటు చేసి, ఊరందరినీ పిలిచి, తన మెడకి తనే ఉరి బిగించుకుంది మా వదిన. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది.

ఆ రాళ్ల మీద నేను పుట్టలేదు గాని పద్నాలుగేళ్లు అక్కడే బతికాను. ఆ వేళప్పుడు అక్కడ ఒక్కసారీ నిలబడలేదు. కొండ నీడ సగం తీరం మీద పడింది. నీడలో ఉన్న దుప్పట్లు పైనున్న ఆకాశాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని నీలంగా ఉన్నాయి, ముడతల్లో ఊదాగా చిక్కబడ్డాయి. కొండ అంచు దాటి వచ్చిన ఎండ ఎక్కడ తగిలిందో అక్కడ నారింజ, దాని పక్కనే గులాబీ. తడిరాళ్లు పచ్చగా మెరుస్తున్నాయి, వాటి పచ్చదనం దుప్పటి అంచుకి ఎక్కింది. ఆ వెనక సముద్రంలోనూ అవే రంగులు. కిందివరస దుప్పట్లు ఎక్కడ ముగిశాయో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలియలేదు.

వదిన పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో దుప్పటీ చూసింది. పడిపోతుందేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆవిడ పెదవులు కదిలాయి.

"నాకూ కనిపిస్తోందే," అంది మెల్లగా. "నీలం కనిపిస్తోంది. నా కళ్లు పోలేదు ఓర్తాన్సూ."

అని, కళ్లు తుడుచుకుని, ఇటు తిరిగి జనాన్ని చూసింది. ఒక్కొక్కరినీ మెడ దగ్గర నుంచి కింది దాకా చూసింది, చర్చిలో చూసినట్టు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ చూపు నాకు తెలుసు.

"ఫ్లావీ, నీ టోపీ ఎవరు ఉతికారే?"

"ఇంకెవరు, నేనే. పొద్దున్నే ఉతికాను," అంది ఫ్లావీ ఇంకా నవ్వుతూనే.

"మందు ఎక్కువైంది."

అందరం ఫ్లావీ టోపీ చూశాం. నీలం! దుప్పట్ల కంటే ఒక పిసరు ఎక్కువే నీలం. ఫ్లావీ గబుక్కున టోపీ తీసి చూసుకుంది, తిప్పి చూసుకుంది, అటూ ఇటూ దులిపింది కూడా. దులిపితే పోతుందా.

"అమ్మగారూ, మీ కాలరు ఫ్లావీయే కదా చేసింది?" అంది వదిన. "ఎడం పక్క ఊదాగా ఉంది, కుడి పక్క గులాబీగా ఉంది. రెండు మందులు వాడిందేమో అడగండి."

పొమెల్ అమ్మగారు మెడ వంచి కాలరు చూసుకోబోయి, కనపడక, వకీలు వైపు తిరిగింది. వకీలు గుండెల మీద హోటలు రుమాలు నారింజపండు రంగులో ఉంది. ఆయన కోడికాలు వదినకేసి చాచి, "ఉండండి, ఉండండి, ఈవిడ టోపీ నీలం, మీ కాలరు ఊదా, అంటే..." అని వకీలు పద్ధతిలో మొదలెట్టాడు గాని ఆయన మాట ఎవరూ వినలేదు. అప్పటికే జనం ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకుని చూస్తున్నారు. ఎవరి చేతులంచు చూసినా ఏదో ఒక రంగు. తెలుపు వేసుకున్న ప్రతి మనిషీ పట్టుబడిపోయాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు, చివరికి ఫ్లావీ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

పొమెల్ అమ్మగారు మాత్రం నవ్వలేదు. దుప్పట్లని వదిలేసి వాటి వెనక్కి, దూరానికి చూస్తోంది. తాళాలగుత్తి చేతిలో ఊరకే వేలాడుతోంది.

"హోటల్లో సముద్రం వైపు కిటికీ అద్దాలు పంతొమ్మిదేళ్లుగా నేనే తుడుస్తున్నాను," అంది ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. "రోజూ తుడుస్తాను. మచ్చలున్నాయా లేదా అనే చూశాను."

అప్పుడే మొదటి అల వచ్చి కిందివరసని అందుకుంది. ఇక చూడాలి ఆ గొడవ! నేను అరుస్తూ పరిగెత్తాను. నా వెనక వకీలు కోడికాలు నోట్లో కరిచిపట్టి రెండు చేతులా దుప్పట్లు లాగాడు. పట్నం ఆడవాళ్లు గౌన్లు ఎత్తిపట్టుకుని దిగారు. ఫ్లావీ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒక్కతే పదింటిని విసిరింది ఒడ్డు మీదికి. పని తెలిసిన మనిషిలో పనితనం ఎక్కడికి పోతుంది, ఆ ఒక్క మాట నేను ఒప్పుకోవాలి. గొడుగు దగ్గర నుంచి బ్రివాల్ అయ్యగారు చేతులూపుతూ ఒకటే కేకలు.

"కదలకండి! ఎవరూ కదలకండి! దేవుడా, ఒక్క నిమిషం!"

ఆయన మాట విన్నది మా వదిన ఒక్కతే. కదలలేదు. ఒక దుప్పటి అల మీదికెక్కి మెల్లగా లోపలికి పోతోంది, సరిగ్గా ఆవిడ ఎదురుగా. చెయ్యి చాస్తే అందేది. జేబురుమాలు గాలికి పోతే మైలు దూరం వెంటపడే మనిషి! "వదినా! దుప్పటి! దుప్పటి!" అని నేను గొంతు చించుకున్నాను. ఆవిడ దాన్ని చూస్తూనే ఉంది. అది నీలంగా పోయింది, ఎండలోకి వెళ్లి నారింజగా తిరిగింది, ఆ తర్వాత నీళ్లలో ఏది అదో తెలియలేదు.

పొమెల్ అమ్మగారు తడిసిన చెప్పులతో, చేతుల నిండా దుప్పట్లతో పక్కకి వచ్చి నిలబడింది. పోయిన దాని ఊసు ఎత్తలేదు.

"జెలీ, సోమవారం సాయంత్రం వచ్చి తక్కిన దుప్పట్లు పట్టుకెళ్లు. ఫ్లావీకి నేను చెప్పుకుంటాలే."

"పొద్దున్న వస్తాను అమ్మగారూ," అంది వదిన. "సాయంత్రం కుదరదు, పనుంది."

"సాయంత్రం నీకేం పని? నాలుగింటికల్లా మీ మడతలు కూడా అయిపోతాయిగా!"

మా వదిన తల తిప్పలేదు. గడ్డంతో సముద్రం వైపు చూపించింది.